పెట్టిన డబ్బుకి ఏ రాష్ట్రం ఎంత ఇన్నోవేషన్ తీస్తోంది: మీరే లెక్కేసుకోవడం ఎలా

ఏదో ఒక ర్యాంకింగ్ రాగానే వాట్సాప్ గ్రూపుల్లో మొదలైపోతుంది కదా, మాది ఫస్టు మీది పదోది అని. నీతి ఆయోగ్ వాళ్ళ ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్ 2022 జులైలో వచ్చినప్పుడు పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక మొదటిది, తెలంగాణ రెండు, హర్యానా మూడు. ఆ వారం మా గ్రూపులో జరిగిన గొడవ చూస్తే ఎవ్వరూ ఆ ఇండెక్స్ ఎలా కడతారో చూడలేదని అర్థమైపోయింది. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి ఎనేబ్లర్స్ అంటే చదువులు, పెట్టుబడి, వ్యాపార వాతావరణం లాంటివి, రెండోది పర్ఫార్మెన్స్ అంటే బయటికొచ్చిన ఫలితం. చివర్లో ఈ రెండింటి సగటు తీస్తారు.

ఇప్పుడు ఒక్క నిమిషం పొలం గురించి ఆలోచించండి. ఇద్దరు రైతుల్లో ఎవరు బాగా పండించారు అంటే ఎకరాకి ఎన్ని బస్తాలు అని అడుగుతాం. వేసిన ఎరువు బస్తాలూ పండిన వడ్ల బస్తాలూ కలిపి సగటు తీసి "వీడే ఫస్టు" అనం కదా. ఇండెక్స్ చేసేది దాదాపు అదే, ఎక్కువ ఎరువేసినందుకు కూడా మార్కులే. ఆ ఇండెక్స్ తప్పని కాదు నేను చెప్పేది, అది వేరే ప్రశ్నకి జవాబు. "పెట్టినదానికి ఎంతొచ్చింది" అనేది మీ ప్రశ్న అయితే మాత్రం లెక్క మీరే కట్టుకోవాలి. కింద చెప్పేది దానికే, ఎమ్మే ఎకనామిక్స్ ప్రాజెక్టుకైనా, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళకైనా, ఊరికే కుతూహలం ఉన్నవాళ్ళకైనా పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా, సాఫ్ట్‌వేర్‌లో లెక్క పది నిమిషాల పని. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి అనేదే నెలల పని. అందుకే ఆ భాగమే ఎక్కువ రాశాను.

మొదటి అడుగు: ప్రాంతం అంటే ఏంటో తేల్చుకోండి

రాష్ట్రం అంటే రాష్ట్రమే కదా అనుకుంటాం. కానీ గుర్గావ్ హర్యానాలో, నోయిడా యూపీలో, మధ్యలో ఢిల్లీ. ఇంజనీరు ఒకచోట ఉంటాడు, ఆఫీసు ఇంకోచోట, కంపెనీ రిజిస్టర్ అయిన అడ్రస్ మూడోచోట. మన దగ్గర శ్రీసిటీ ఆంధ్రలో ఉంది కానీ చాలామందికి దగ్గరి మహానగరం చెన్నై. హోసూరు తమిళనాడు, బతుకంతా బెంగళూరుతోనే. యూరప్‌లో గణాంకాల కోసమే గీసిన నట్స్ అనే ప్రాంతాల విభజన ఉంటుంది, రెండో స్థాయి నట్స్ ప్రాంతాల మీద ఇలాంటి స్టడీలు కుప్పలు తెప్పలు. మనకి ఆ వెసులుబాటు లేదు కాబట్టి రాష్ట్రాలతోనే నెట్టుకురావాలి, కాకపోతే ఢిల్లీ, హర్యానా, యూపీ మధ్య అంకెలు ఒకదాన్నుంచి ఇంకోదానికి కారిపోతుంటాయని గుర్తుంచుకోండి.

ఇక తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న గుంట ఒకటుంది, నేను అందులో పడ్డాను కాబట్టి చెప్తున్నా. మొదటిసారి నేను 2010 నుంచి ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో డేటా పెట్టి, ఖర్చుకీ ఫలితానికీ మూడేళ్ళ తేడా ఉంచి రన్ కొట్టాను. 2015లో ఆంధ్రప్రదేశ్ స్కోరు, అంటే పెట్టినదానికి ఎంతొచ్చిందనే లెక్క, దబ్బున నేలకి పడింది. నేనేమో దాని మీద రెండు పేజీల థియరీ కూడా రాసేశాను, రాజధాని పోయింది, పెట్టుబడి పోయింది అని. మా గైడ్ గారు చదివి ఒక్క ముక్క అడిగారు, "2012లో ఆంధ్రప్రదేశ్ అంటే ఎవరెవరమ్మా?" అని. అంతే, చెమటలు పట్టాయి. 2012 ఖర్చులో హైదరాబాద్ ఉంది, 2015 పేటెంట్లలో లేదు. ఇరవై మూడు జిల్లాల ఎరువుకి పదమూడు జిల్లాల పంట లెక్కగట్టానన్నమాట.

దీనికి రెండే దారులు. పాత ఏళ్ళు కావాలంటే 2014 జూన్ 2 తర్వాత కూడా రెండు రాష్ట్రాల్నీ కలిపి ఒకటిగానే చూపించండి. లేదా విడివిడిగా కావాలంటే ఖర్చు వైపు కూడా విభజన తర్వాతి ఏడాది నుంచే మొదలెట్టండి, అంటే ఫలితం ఏళ్ళు ఇంకా ఆలస్యంగా మొదలవుతాయి, డేటా తగ్గుతుంది, తప్పదు.

రెండో అడుగు: పెట్టింది ఎంత

ఇన్‌పుట్లు మామూలుగా రెండు రకాలు, డబ్బు, మనుషులు. దేశం మొత్తానికి ఆర్ అండ్ డీ, అంటే పరిశోధన, అభివృద్ధి ఖర్చు 2020-21లో సుమారు 1.27 లక్షల కోట్లు, జీడీపీలో 0.64 శాతం. ఇది కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ లెక్క. బాగానే ఉంది, మరి రాష్ట్రాల వారీగా? రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టింది విడిగా దొరుకుతుంది గానీ మొత్తం ఖర్చులో వాళ్ళ వాటా 7 శాతం కూడా లేదు, అది ఒక్కటే పట్టుకుని లెక్క కడితే పెరట్లో మొక్కలు చూసి ఊరి పంట చెప్పినట్టే.

ప్రైవేటు వైపు కంపెనీల బోర్డు రిపోర్టుల్లోంచి ఏరుకోవాలి. టెక్నాలజీ అబ్జార్ప్షన్ అనే అనుబంధంలో ఆర్ అండ్ డీ మీద ఎంత ఖర్చు పెట్టారో చూపించాలని 2014 నాటి కంపెనీ రూల్స్‌లోనే ఉంది. చిక్కేంటంటే అది కంపెనీ మొత్తానికి ఒకే అంకె. హెడ్డాఫీసు ముంబైలో ఉండి ల్యాబ్ హైదరాబాద్‌లో ఉంటే ఆ ఖర్చు మహారాష్ట్రది అయిపోతుంది. ల్యాబులు ఎక్కడెక్కడున్నాయో రిపోర్టులోనే వెతికి పంచుకోవాలి, విసుగు పని, కానీ ఫార్మా విషయంలో ఇది చెయ్యకపోతే తెలంగాణ స్కోరు మీద నమ్మకం పెట్టుకోకండి.

మనుషుల లెక్కకి ఉన్నత విద్య సర్వే, అదే ఐషీ, రాష్ట్రాల వారీగా పీహెచ్‌డీ చేసేవాళ్ళెంతమందో ఇస్తుంది. అది చాలావరకు శుభ్రమైన డేటా.

ఇంకోటి, చాలామంది చేసే తప్పు. ఒక కాలమ్‌లో "జీఎస్‌డీపీలో (అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో) ఆర్ అండ్ డీ శాతం" పెట్టి పక్క కాలమ్‌లో మొత్తం పేటెంట్ల సంఖ్య పెడతారు. ఒకటి నిష్పత్తి, ఒకటి మొత్తం. అలా కలిపితే ఉత్తరప్రదేశ్ లాంటి పెద్ద రాష్ట్రం ఊరికే ఆకాశానికెక్కుతుంది, సిక్కిం ఊరికే మునుగుతుంది. అన్నీ మొత్తాలు పెట్టండి, లేదా అన్నీ తలసరి పెట్టండి.

మూడో అడుగు: వచ్చింది ఎంత, అసలు గొడవంతా ఇక్కడే

అందరూ పేటెంట్లే లెక్కేస్తారు ఎందుకంటే అవి లెక్కకి దొరుకుతాయి. సరే, లెక్కేద్దాం, కానీ ఒక్క అప్లికేషన్ దగ్గరగా చూద్దాం రండి. పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ సెర్చ్‌లో తార్నాకలో ఉన్న కెమికల్ ల్యాబు ఐఐసీటీ శాస్త్రవేత్తలు చేసినది ఏదైనా ఒకటి తియ్యండి. ఇన్వెంటర్ల అడ్రస్ హైదరాబాద్. అప్లికెంట్ ఎవరు? ఇలాంటి జాతీయ ల్యాబుల్ని నడిపే సీఎస్ఐఆర్. అడ్రస్ ఎక్కడ? న్యూఢిల్లీ, రఫీ మార్గ్. అంటే అప్లికెంట్ అడ్రస్ పట్టుకుని రాష్ట్రాల వారీగా విడగొడితే హైదరాబాద్ ల్యాబులో రాత్రింబవళ్ళు చేసిన పని ఢిల్లీ ఖాతాలో పడుతుంది, హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర ల్యాబు సీసీఎంబీదీ అంతే, లక్నోలో మందుల ల్యాబుదీ అంతే, పుణెలో కెమికల్ ల్యాబుదీ అంతే. ఢిల్లీ ఎందుకంత ఎఫిషియెంట్‌గా కనపడుతుందో ఇప్పుడర్థమైందా.

అందుకే ఇన్వెంటర్ అడ్రస్ పట్టుకోండి. ముగ్గురు ఇన్వెంటర్లుండి ఇద్దరు హైదరాబాద్, ఒకరు పుణె అయితే తెలంగాణకి మూడింట రెండు వంతులు, మహారాష్ట్రకి ఒక వంతు రాయండి. విదేశీ కంపెనీల సెంటర్ల విషయంలో కూడా ఇదే పద్ధతి కాపాడుతుంది, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌లో 1998 నుంచి ఉంది, ఇలాంటి చోట్ల పుట్టినవాటికి అమెరికాలోనే పేటెంట్ వేస్తే ఓనర్ అడ్రస్ అక్కడిదే ఉంటుంది, ఇన్వెంటర్ అడ్రస్ మాత్రం హైదరాబాద్ అనే చూపిస్తుంది. కాబట్టి అమెరికా పేటెంట్ డేటా కూడా పక్కన పెట్టుకోండి.

తర్వాత, ఏ దశలో ఉన్నదాన్ని లెక్కించాలి? దాఖలు చేసినవా, పబ్లిష్ అయినవా, గ్రాంట్ అయినవా? ఇక్కడ రెండు విషయాలు తెలియకపోతే మీ టేబుల్ మొత్తం వేస్టు.

ఒకటి, గ్రాంట్లు. 2022-23లో దేశంలో 34 వేల పైచిలుకు పేటెంట్లు ఇచ్చారు, 2023-24లో లక్ష దాటించారు. ఒక్క ఏడాదిలో దేశం మూడు రెట్లు తెలివైనదైపోయిందా? కాదు, ఆఫీసులో పేరుకుపోయిన ఫైళ్ళు కదిలాయి. గ్రాంట్ ఏడాదిని బట్టి లెక్కేస్తే మీరు కొలిచేది రాష్ట్రాన్ని కాదు, ఎగ్జామినర్ల వేగాన్ని. గ్రాంట్లే వాడాలనుకుంటే వాటిని దాఖలు చేసిన ఏడాదికి తీసుకెళ్ళి పెట్టండి.

రెండోది, కాలేజీలు. 2021 సెప్టెంబరులో విద్యాసంస్థలకి పేటెంట్ ఫీజు 80 శాతం తగ్గించారు. కేంద్రం కాలేజీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పబ్లిష్ అయిన పేటెంట్లకీ మార్కులున్నాయి, గ్రాంట్ అయినవాటికీ ఉన్నాయి. ఇక చెప్పేదేముంది, ప్రైవేటు యూనివర్సిటీలు ఎక్కువున్న రాష్ట్రాల్లో దాఖలాలు పొంగిపోయాయి. మామూలుగా అయితే పబ్లిష్ కావడానికి దాఖలు నుంచి 18 నెలలు పడుతుంది, ఫారం 9 వేస్తే ముందే అయిపోతుంది. తర్వాత పరీక్షించమని ఫారం 18 వెయ్యాలి, అది వెయ్యకపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఒక కాలేజీ లిస్టు నేను కూర్చుని చూశాను, ఫారం 9 పడినవి బోలెడు, ఫారం 18 పడినవి వేళ్ళమీద. అంటే పబ్లిష్ కావడమే కావాల్సింది, పేటెంట్ కాదు. కాబట్టి నా పద్ధతి ఏంటంటే ఫారం 18 పడినవాటినే లెక్కలోకి తీసుకుంటా. ఓపికుంటే రెన్యువల్ ఫీజు కడుతూ బతికించుకుంటున్నవి ఎన్ని అని కూడా చూస్తా, డబ్బు కట్టి నిలబెట్టుకున్నారంటే వాళ్ళకైనా అందులో విలువ కనపడినట్టు కదా.

ఇప్పుడు అసలు నాకు కడుపుమంటగా ఉండే సంగతి. మన పేటెంట్ చట్టం మూడో సెక్షన్‌లో కొన్నిటికి పేటెంట్ ఇవ్వరని రాసుంది. అందులో వ్యవసాయ పద్ధతులు, విత్తనాలు, వంగడాలు ఉన్నాయి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి కూడా ఇవ్వరు. ఒక్కసారి ఆలోచించండి, తెలుగు రాష్ట్రాలు దేశానికిచ్చినవాటిలో పెద్దవి రెండంటే ఏం చెప్తారు, వరి వంగడాలు, సాఫ్ట్‌వేర్. రెండూ ఈ లెక్కలో దాదాపు సున్నా! బీపీటీ 5204, అదే సాంబ మసూరి, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది, ఇవాళ్టికీ మా ఇంట్లో అన్నం అదే, మీ ఇంట్లో కూడా అదే అయ్యుండొచ్చు. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మార్టేరులో పుట్టి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. ఆ స్టేషన్ల ఖర్చు మీ ఇన్‌పుట్ కాలమ్‌లో ఉంటుంది, వాటి ఫలితం అవుట్‌పుట్ కాలమ్‌లో ఉండదు, చివర్లో ఆంధ్ర "ఇనెఫిషియెంట్" అని వస్తుంది. ఎంత అన్యాయం చూడండి.

దీనికి మందు ఏంటంటే రెండో అవుట్‌పుట్ ఒకటి పెట్టడం. 2001 నాటి మొక్కల వంగడాలు, రైతుల హక్కుల చట్టం కింద రిజిస్టర్ అయిన వంగడాల లిస్టు దొరుకుతుంది, దాన్ని రాష్ట్రాల వారీగా విడగొట్టుకోవచ్చు. అది కుదరకపోతే వ్యవసాయ పరిశోధన ఖర్చుని ఇన్‌పుట్‌లోంచి తీసెయ్యండి, కనీసం అప్పుడు రెండు వైపులా ఒకే సంగతి ఉంటుంది. డిఫెన్స్‌కి కూడా అదే సూత్రం, హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ ల్యాబులు ఉన్నాయి, క్షిపణి తయారీ రహస్యాలకి పేటెంట్ వేసి ప్రపంచానికి చూపించరు కదా. ఆ ఖర్చు ఉంచి ఆ ఫలితం లేకుండా తెలంగాణని గుజరాత్‌తో పోల్చడం కళ్ళకి గంతలు కట్టి పరిగెత్తమనడమే.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. చింతకింది మల్లేశం గారు చేసిన ఆసు యంత్రం తెలుసు కదా, పోచంపల్లి చీరలకి ఆసు పోసేటప్పుడు వాళ్ళ అమ్మ రోజూ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏళ్ళలో ఆయన పెట్టిన డబ్బు, సమయం ఏ ఆర్ అండ్ డీ టేబుల్‌లోనూ లేవు. ఫలితం ఉంది, ఖర్చు లేదు. ఇలాంటివి ఎక్కువున్న రాష్ట్రం ఊరికే ఎఫిషియెంట్‌గా కనపడుతుంది.

స్టార్టప్‌ల సంఖ్య పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, 2016 నుంచి గుర్తింపు ఇస్తున్నారు, రాష్ట్రాల వారీ లిస్టు ఉంది. నేనైతే అసలు లెక్కలో పెట్టను, విడిగా ఒక రన్‌లో పోల్చుకోడానికి మాత్రమే వాడతా, గుర్తింపు సర్టిఫికెట్ కొత్తదనానికి రుజువు కాదు.

నాలుగో అడుగు: ఎన్నేళ్ళు ఆగాలి

ఇవాళ నాటితే ఇవాళే కోతకు రాదు. ఖర్చుకీ ఫలితానికీ మధ్య రెండు మూడేళ్ళు ఇవ్వడం ఆనవాయితీ. ఒకటి, రెండు, మూడు, ఇలా మూడు రకాలుగా రన్ చేసి చూడండి, ర్యాంకులు పెద్దగా మారకపోతే దాని గురించి ఎక్కువ బెంగపడక్కర్లేదు.

దీనికంటే మంచి పద్ధతి ఖర్చుని పోగుగా చూడటం, ఎందుకంటే నిన్నటి పరిశోధన ఇవాళ్టికి మొత్తం పోదు. ఏడాదికి 15 శాతం అరుగుతుందని వేసుకోవడం అలవాటు. మొదటి ఏడాది ఖర్చు 100, ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతోంది అనుకోండి, మొదటి పోగు 100ని 0.20తో భాగిస్తే 500 (5 శాతం పెరుగుదల, 15 శాతం అరుగుదల కలిపి 0.20). తర్వాతి ఏడాది 500లో 85 శాతం అంటే 425, దానికి కొత్త ఖర్చు 105 కలిపితే 530. ఇలా ఎక్సెల్‌లో కిందికి లాగేయడమే. అన్నట్టు ఇదంతా స్థిర ధరల్లో ఉండాలి, ధరల పెరుగుదలని తీసేసే జీఎస్‌డీపీ డిఫ్లేటర్‌తో సరిచేసుకోండి.

ఐదో అడుగు: లెక్క

ఇప్పుడు డీఈఏ, అంటే డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్. 1957లో ఫారెల్ వేసిన ఆలోచన, 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ లెక్కగా మార్చారు. పేరు చూసి భయపడకండి, విషయం ఏంటంటే బాగా చేస్తున్నవాళ్ళందరినీ కలుపుతూ పైన ఒక హద్దు గీత గీస్తారు, మిగతావాళ్ళు ఆ గీతకి ఎంత కింద ఉన్నారో కొలుస్తారు. అంతే.

చేత్తో చేద్దాం. ఉత్తుత్తి రాష్ట్రాలు ఐదు, ముందు ఖర్చు, తర్వాత పేటెంట్లు: క (2, 20), ఖ (4, 60), గ (8, 96), ఘ (5, 40), చ (10, 105). యూనిట్లు మీ ఇష్టం.

ముందు మామూలు భాగహారం. క కి యూనిట్‌కి 10, ఖ కి 15, గ కి 12, ఘ కి 8, చ కి 10.5. అందరికంటే పైన ఖ, దాన్ని 1 అనుకుంటే క 0.67, గ 0.80, ఘ 0.53, చ 0.70. ఇది "పెద్దా చిన్నా తేడా లేదు, ఖర్చు రెట్టింపైతే ఫలితం రెట్టింపు కావాలి" అనే లెక్క.

కానీ పెద్ద రాష్ట్రానికి ఆ నిష్పత్తి నిలబెట్టుకోవడం కష్టం కదా, అందుకని 1984లో బ్యాంకర్ వాళ్ళు ఇంకో రకం తెచ్చారు, సైజుని బట్టి పోల్చేది. ఇప్పుడు గీత క నుంచి ఖ కి, ఖ నుంచి గ కి, గ నుంచి చ కి వంగుతూ వెళ్తుంది. ఘ ఒక్కటే కింద మిగిలింది. ఘ ఖర్చు 5, ఆ చోట గీత ఎత్తు ఎంత? ఖ లో ముప్పావు, గ లో పావు కలిపితే ఖర్చు సరిగ్గా 5 వస్తుంది (3 ప్లస్ 2), పేటెంట్లు 45 ప్లస్ 24, అంటే 69. ఘ తెచ్చింది 40. కాబట్టి 40 బై 69, అంటే 0.58. మొదటి పద్ధతిలో 0.53 వచ్చింది, దాన్ని 0.58తో భాగిస్తే 0.92, అంటే సైజు వల్ల పోయింది ఎనిమిది శాతమే, మిగతాదంతా ఘ చేతకానితనం అనుకోవాలి. నిజంగా అనుకోవాలా వద్దా అనేది కింద చూద్దాం.

ఇక్కడ ఒకటి గమనించారా, రెండో పద్ధతిలో ఐదింట్లో నాలుగు రాష్ట్రాలకి ఫుల్ మార్కులు. క అయితే యూనిట్‌కి 10 మాత్రమే తెస్తోంది, అయినా 1 ఎందుకొచ్చిందంటే దానికంటే చిన్నది లిస్టులో ఇంకోటి లేదు, పోల్చడానికి ఎవరూ లేక ఫస్టొచ్చింది. నిజం డేటాలో గోవాకీ, చండీగఢ్‌కీ ఇలాగే జరుగుతుంటుంది. "మా రాష్ట్రానికి 1.00 వచ్చింది" అని ఎవరైనా చెప్తే ముందు అడగాల్సింది, దాని సైజులో ఇంకెన్ని ఉన్నాయి అని.

కాలమ్‌లు పెంచేకొద్దీ ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. ఇన్‌పుట్లు అవుట్‌పుట్లు కలిపి ఎన్నున్నాయో దానికి కనీసం మూడు రెట్లు ప్రాంతాలుండాలని ఒక మోటు సూత్రం. మనకి 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు, డేటా పూర్తిగా దొరికేవి వాటిలో కొన్నే, కాబట్టి రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు దాటకండి.

ఎక్సెల్ సాల్వర్‌లో ఒక్కో రాష్ట్రానికి ఒక్కోసారి చెయ్యొచ్చు. అన్ని రాష్ట్రాలకీ ఒక్కో బరువు ఇవ్వండి, బరువులు సున్నాకి తగ్గకూడదు, మొత్తం 1 కావాలి, బరువులేసి కలిపిన ఖర్చు మీ రాష్ట్రం ఖర్చుని దాటకూడదు, అలాగే బరువులేసి కలిపిన పేటెంట్లు మీ రాష్ట్రం పేటెంట్లకి ఎన్ని రెట్లో దాన్ని గరిష్ఠం చెయ్యమనండి. ఘ కి 1.725 వస్తుంది, తిరగేస్తే 0.58. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ తెలిస్తే బెంచ్‌మార్కింగ్ అనే ప్యాకేజీలో ఒక్క లైను. మొదటిసారి మాత్రం సాల్వర్‌లోనే చెయ్యండి, ఎవరి బరువు ఎంతొచ్చిందో కళ్ళముందు కనపడితేనే ఇది ఒంటబడుతుంది.

ఆరో అడుగు: తుఫాను సంగతి

డీఈఏకి ఉన్న పెద్ద లోపం, అదృష్టం దురదృష్టం దానికి తెలియవు. తుఫానొచ్చి పోయిన బస్తాల్ని కూడా రైతు చేతకానితనం కిందే రాసేస్తుంది. అందుకే రెండో పద్ధతి కూడా చేసి పక్కన పెట్టండి, స్టొకాస్టిక్ ఫ్రాంటియర్ అంటారు, 1977లో వచ్చింది. ఇందులో గీతకి కింద ఉన్న దూరాన్ని రెండు ముక్కలు చేస్తారు, ఒకటి గాలివాటం, రెండోది నిజమైన వెనకబాటు.

ఈ పద్ధతిలో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది బాటీసీ, కోయెల్లి అనే ఇద్దరు 1995లో ఇచ్చిన మోడల్. ప్రాంతాల ఇన్నోవేషన్ మీద చైనా వాళ్ళు, యూరప్ వాళ్ళు రాసే పేపర్లలో కూడా తరచూ తగులుతుంటుంది. వాళ్ళు ఆ మోడల్‌ని ఏ డేటా మీద చేసి చూపించారో తెలుసా? ఔరేపల్లి వరి రైతుల మీద! అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఊరు, పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975 నుంచి ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకున్న ఊళ్ళలో అదొకటి. పద్నాలుగు మంది రైతులు, పదేళ్ళు. ఇది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎకరాకి ఎన్ని బస్తాలు అని నేను పోలిక కోసం వాడుతున్న మాట అసలు ఈ లెక్క పుట్టిల్లన్నమాట.

ఆ మోడల్‌లో మనకి పనికొచ్చే సంగతి, వెనకబాటుకి కారణాలు కూడా అదే దెబ్బలో తేలతాయి. కాలవ కింద ఎకరం, బోరు కింద ఎకరం ఒకటి కాదు కదా. రాష్ట్రాలకైతే పరిశ్రమలు ఏ రకంవి, పెద్ద నగరం ఉందా లేదా, యూనివర్సిటీలకీ కంపెనీలకీ రాకపోకలున్నాయా, ఇలాంటివి పెట్టొచ్చు. డీఈఏ స్కోర్లు తీసి తర్వాత వాటి మీద మామూలు రిగ్రెషన్ (ఏ కారణంతో స్కోరు ఎంత మారుతోందో చూసే లెక్క) వేసే అలవాటు చాలామందికి ఉంది, స్కోర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి అది నిలబడదని సిమార్, విల్సన్ 2007లో గట్టిగానే చెప్పారు. చెయ్యాల్సొస్తే వాళ్ళ బూట్‌స్ట్రాప్ పద్ధతిలోనే, అంటే మళ్ళీ మళ్ళీ శాంపిళ్ళు తీసి సరిచూసే పద్ధతిలోనే చెయ్యండి.

ఏడో అడుగు: కదిపి చూడండి

పైన ఉత్తుత్తి లెక్కలో ఖ ని తీసేసి మళ్ళీ చెయ్యండి. గీత ఇప్పుడు క నుంచి నేరుగా గ కి వెళ్తుంది, ఖర్చు 5 దగ్గర దాని ఎత్తు 58. ఘ స్కోరు 40 బై 58, అంటే 0.69. ఘ ఏమీ చెయ్యలేదు, కాలు కదపలేదు, అయినా 0.58 నుంచి 0.69 కి ఎదిగింది. నిజం డేటాలో ఒకసారి ఢిల్లీ తీసి, ఒకసారి కర్ణాటక తీసి, ఒకసారి చిన్న కేంద్రపాలిత ప్రాంతాలన్నీ తీసి రన్ చెయ్యండి. తర్వాత అప్లికెంట్ అడ్రస్‌తో ఒకసారి, ఇన్వెంటర్ అడ్రస్‌తో ఒకసారి. కాలేజీలు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. ఇన్నిట్లోనూ మొదటి మూడింట్లో నిలబడే రాష్ట్రం ఏదైనా ఉంటే అప్పుడు దాని గురించి మాట్లాడదాం.

చివరగా టేబుల్ రాసేటప్పుడు

ర్యాంకు రాయకండి, రేంజ్ రాయండి. "తెలంగాణ 4వ స్థానం" అనే బదులు అన్ని రన్‌లలో కలిపి ఎంత నుంచి ఎంత దాకా వచ్చిందో ఇవ్వండి, పక్క రాష్ట్రం రేంజ్ దాని మీదికి ఎక్కుతుంటే ఇద్దరి మధ్యా తేడా ఉందని చెప్పడానికి లేదు. స్కోరు పక్కనే ఇంకో కాలమ్ పెట్టి ఎవరితో పోల్చి ఆ స్కోరొచ్చిందో రాయండి, ఘ కి ఖ, గ అన్నట్టు, చదివేవాళ్ళకి స్కోరు కంటే అదే ఎక్కువ ఉపయోగం, ఎవర్ని చూసి నేర్చుకోవాలో అందులో ఉంటుంది. టేబుల్ కింద మూడే మూడు లైన్లు, ఏ ఖర్చు కలిపారు, ఏది తీసేశారు, పేటెంట్ ఎవరి అడ్రస్‌తో లెక్కేశారు. ఆ మూడు లైన్లూ స్క్రీన్‌షాట్‌లో పడేలా టేబుల్‌కి బాగా దగ్గరగా పెట్టండి, ఎందుకంటే గ్రూపుల్లోకి వెళ్ళేది ఆ స్క్రీన్‌షాటే.